అమ్మ పాడిన వేగం

ఆదివారం రాత్రి, పెనుకొండ

రికార్డు ప్లేయరును ఈ రోజు హిందూపురం నుంచి ఇంటికి తెచ్చాను. రిపేరు చేసిన ఖాదర్ సాబుకు అడిగినదానికన్నా కాస్త ఎక్కువే ఇచ్చాను. అంత శ్రద్ధగా చేశాడు.

"బెల్టు సాగిపోయి ఎన్నో ఏండ్లయిండాదప్పా. ఇన్నాళ్లూ పాట నిదానంగా తిరిగింటాది. ఇప్పుడు సరైన స్పీడు వస్తాది," అన్నాడు.

ఇంటికొచ్చి నాయన ముందు అమ్మకు ఇష్టమైన పాట పెట్టాను. సగంలోనే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏమిరా, ఇంత బిరబిరా పాడుతాండాది? మీ అమ్మ ఇట్ల పాడలేదే."

అప్పుడు అర్థమైంది. అమ్మ ఆ పాటను ఈ పెట్టె దగ్గరే నేర్చుకుంది. చనిపోయేదాకా ఆ సాగిన వేగంలోనే పాడుకుంది. మాకు తెలిసిన పాట అదే.

పాత బెల్టు మళ్లీ వేయించాలా? బాగుచేసినందుకు డబ్బిచ్చి, తిరిగి చెడగొట్టమని ఎలా అడగడం?

ఇంతలో నాయన లేచి వచ్చి, తిరుగుతున్న రికార్డు అంచుకు మెల్లగా వేలు ఆనించాడు. పాట నెమ్మదించింది.

"ఆ, ఇదీ," అన్నాడు కళ్లు మూసుకుని.

కొత్త బెల్టు పాడవుతుందేమోనని భయమేసింది. అయినా పాట అయ్యేదాకా వేలు తీయమనలేదు.