సున్నపు గీత

నాచారం,
26-3-1989.

పాండురంగ బావకు,

నేను బాగానే ఉన్నానని మొదటి వాక్యంలో రాయడం అలవాటు. రాశాను. మీరు, సుశీలక్క, తారామణి క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. మూడుసార్లు చదివాను. తారామణిని జిల్లా పరుగు పందేలకు ఎంపిక చేస్తే మీరు వద్దన్నారనీ, దాని బూట్లు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారనీ రాశారు. పిల్ల గుండెకు ఏ లోపమూ లేదని హనుమకొండ డాక్టరు చెప్పినా మీకు నమ్మకం కుదరలేదు. "అమ్మది గుండెనే, చెల్లెది గుండెనే. పోరిని సుత పోగొట్టుకోమంటవా" అని అడిగారు. ప్రతిసారీ ఆ వాక్యం దగ్గరే ఆగాను. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఈ ఉత్తరంలో రాయలేకపోతున్నాను.

ఇక్కడి సంగతి. కాలనీ పార్కులో పిల్లల వేసవి ఆటల కార్యక్రమం ఈ ఏడు కూడా జరపాలని అసోసియేషన్‌లో అనుకున్నారు. ఆరేళ్లు మీ చెల్లెలు సూర్యకళ నడిపింది కాబట్టి ప్రణాళిక నన్ను వేయమన్నారు. అధ్యక్షుడు పరంధామయ్య గారు, రైల్వేలో రిటైరైన ఆయన, ఇంటికే వచ్చి అడిగారు. "సూర్యకళమ్మ నోటుబుక్కు నీ కాడనే ఉంటది గద. అండ్ల సూసి రాయి, అయిపాయె" అన్నారు. పది నెలలుగా ఆ పుస్తకం తెరవలేదని ఆయనకు చెప్పలేదు.

నిన్న తెరిచాను. ఏ వయసు పిల్లలకు ఏ ఆట, ఎంతసేపు, ఎన్ని కుండల నీళ్లు, ఎవరికి చెప్పులు లేవు, అన్నీ ఉన్నాయి. చివరి పేజీల్లో మా నీళ్ల ట్యాంకు బొమ్మ వేసి, దాని నీడ ఉదయం ఏ వేళకు ఎంతవరకు ఉంటుందో అడుగులతో కొలిచి రాసుకుంది. మీరు చూశారు కదా, పార్కులో నీడ అంటే ఆ ట్యాంకుదే. ఎండ ఎక్కుతున్న కొద్దీ నీడ ట్యాంకు వైపు తగ్గుతుంది. ఒకచోట నేలమీద సున్నంతో గీత గీసేది. నీడ అంచు ఆ గీతకు వచ్చిందంటే ఆట ఆపి పిల్లల్ని ఇళ్లకు పంపాలి. ఎవరొచ్చి అడిగినా మరో ఆట ఉండదు. ల్యాబ్‌లో కొలతలు తీసేవాణ్ని నేను. గడియారం ఉండగా ఇదేమిటని నవ్వాను. పిల్లలు గడియారం చూడరు, నీడ చూస్తారు అంది.

మే నెలంతా తారామణిని ఇక్కడికి పంపండి. చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అడగడానికి కారణం అదొక్కటే కాదు. మిగతాది తర్వాత రాస్తాను.

మీ
విశ్వనాథం

*

నాచారం,
16-4-1989.

బావకు,

మీ కార్డు అందింది. "నీ మాట మీద నమ్మకంతో పంపుత. కాని ఉరుకనియ్యకు. చెల్లె దగ్గర నువ్వే ఉంటివి, ఎట్ల పోయిందో నీకే ఎరుక" అని రాశారు. ఎరుకే. అందుకే ఇది రాస్తున్నాను. చదివే ముందు సుశీలక్కను దగ్గర కూర్చోబెట్టుకోండి.

నిరుడు మే ఇరవై తొమ్మిది ఆదివారం. ముగింపు రోజు. మెడల్స్ ఇచ్చేది మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ ఉన్న రామస్వామి గారు. ఊయలలు కూడా వేయిస్తానన్నారు. ఏడున్నరకు రావాలి. అసోసియేషన్ కార్యదర్శిగా నేను పూలదండ పట్టుకుని గేటు దగ్గర ఉన్నాను. సూర్యకళ లోపల ట్యాంకు దగ్గర ఎనభై మంది పిల్లలతో ఉంది. ఎనిమిదింపావుకు మాలి బుచ్చిరాములు వచ్చాడు. "సార్, నీడ గీత కాడికొచ్చింది. పోరగాళ్లను ఇండ్లకు తోలాల్నా అని అమ్మ అడుగుతుంది" అన్నాడు. పది నిమిషాలు ఆగమన్నాను. ముప్పావు గంట తర్వాత మళ్లీ వచ్చాడు. అదే మాట అడిగాడు. అదే జవాబు చెప్పాను. ఆమె తనంతట తాను ఆపేయగలిగేది. ఆరేళ్లూ అలాగే ఆపింది. ఆ రోజు గేటు దగ్గర నేను నిలబడ్డాను కాబట్టి, నలుగురిలో నా మాట పోతుందని నన్ను అడిగించింది. మూడోసారి అడిగించలేదు.

పది దాటాక రామస్వామి కారు వచ్చింది. ఆయన్ని తీసుకుని లోపలికి వెళ్లాను. ట్యాంకు నీడ అప్పటికి ఒక గది అంత మిగిలింది. పిల్లలందర్నీ అందులోకి ఇరికించి, పట్టని చోట తను బయట నిలబడింది. తలమీద కొంగు కప్పుకుని ఉంది. మొదటి మెడల్ పేరు చదివాను. రెండోది చదువుతుంటే పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. చెమట చుక్క లేదు. దవాఖానాలో మధ్యాహ్నం రెండింటికి పోయింది.

మీరు సాయంత్రం జనగామ నుంచి వచ్చారు. వరండాలో నా భుజం పట్టుకుని "గుండెనా?" అని అడిగారు. మీ అమ్మగారు అలా పోయారు కాబట్టి అడిగారు. నేను తల ఊపాను. అబద్ధం చెప్పాలని ముందు అనుకోలేదు. వడదెబ్బ అంటే, అంతసేపు ఎండలో ఎందుకుంది అని మీరు అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా తల ఊపాను. తర్వాత కాలనీ అంతా అదే మాట అంది. నేను కాదనలేదు. ఏడాదిగా నా దగ్గరికి వచ్చి జాలిపడినవాళ్లందరి జాలీ తీసుకున్నాను. ఇది నాతోనే పోతుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. మీ ఉత్తరం వచ్చేదాకా ఒక పిల్ల బూట్లు ట్రంకుపెట్టెలోకి వెళ్లాయని నాకు తెలియదు.

వడదెబ్బ అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె నోటుబుక్కులో దాచాను. దీంతో పంపుతున్నాను. చదివించుకోండి. సూర్యకళ గుండెలో ఏ జబ్బూ లేదు. తారామణి గుండెకు భయం లేదు.

క్షమించమని అడగడం లేదు.

విశ్వనాథం

*

నాచారం,
9-5-1989.

బావకు,

మీ నుంచి జవాబు లేదు. ఉండాలని నేను అనుకోకూడదు. పిల్ల మా ఇంట్లో ఉంది కాబట్టి దాని క్షేమం రాయడం నా పని.

ముప్పయ్యో తారీఖున సుశీలక్క తీసుకొచ్చి దింపింది. మంచినీళ్లు తాగి, నావైపు చూడకుండా చెప్పింది. "మీ బావ ఉత్తరం సదివిండు. మూడు దినాలు నోరిప్పలే. పోరిని తోల్కపొమ్మన్నడు. తను చెప్పేదాంక ఉరుకనియ్యొద్దన్నడు. గంతే." కాగితం ఏం చేశారని అడగలేదు. సాయంత్రం బస్సుకే ఉప్పల్‌లో ఎక్కి వెళ్లిపోయింది.

కార్యక్రమం ఒకటో తారీఖున మొదలైంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిదింపావు, సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. తొంభై ఒక్కమంది వస్తున్నారు. మల్లాపూర్ వైపు ఫ్యాక్టరీ క్వార్టర్ల పిల్లలు ఇరవై మంది ఉన్నారు. ఉదయం ఖోఖో, కబడ్డీ, లింగోచ్చ. సాయంత్రం షెడ్డులో క్యారమ్స్, బొమ్మలు గీయడం, మట్టితో బండ్లు చేయడం. చిన్నవాళ్లంతా తారామణి వెంట ఉంటారు. గొంతు పెద్దది. సూర్యకళలాగే ఒక చేత్తో విజిల్, ఒక చేత్తో ఎవడిదో ముక్కు తుడుస్తుంది. పరుగు పందెం ఉన్న రోజు ముగింపు దగ్గర తాడు పట్టుకుని నిలబడుతుంది. నేను గమనించింది ఒకటి ఉంది. అక్కడ విజిల్ ఊదగానే ఇక్కడ దీని మడమలు నేలమీంచి లేస్తాయి. మళ్లీ దించుకుంటుంది. మొన్న అడిగింది, "మామయ్యా, నాకేమన్న అయితదని నాయనకు ఎవరు చెప్పిన్రు?" అని. మీ నాన్ననే అడుగు అన్నాను. ఆ ప్రశ్నకు నాకంటే ముందు మీరు జవాబు చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. అప్పటికి నేను మీకు ఏమవుతానో తెలియదు.

కమిటీలో గొడవ నడుస్తోంది. ముగింపు ఇరవై ఎనిమిది ఆదివారం. మళ్లీ రామస్వామి గారినే పిలిచారు. ఎనిమిదింపావుకు ఎవరున్నా లేకున్నా ఆపేస్తామని నేను ప్రణాళికలో రాశాను. పరంధామయ్య గారు కళ్లజోడు పైకి నెట్టి చదివారు. పెద్దమనిషిని పిలిచి ఆయన రాకముందే దుకాణం బంద్ చేస్తమా అన్నారు. అందరూ నవ్వారు. తర్వాత ఆయనే, "సూర్యకళమ్మ ఉండంగ ఎన్నడన్న గిట్ల లొల్లి అయిందా? అన్నిటికి సర్దుకునేది ఆమె" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది. మళ్లీ కూర్చున్నాను. ప్రణాళిక మీద అందరూ సంతకాలు చేశారు. ఆ రోజుకు నేనే మెత్తబడతానని వాళ్ల ధైర్యం. ఆ రోజు నేను ఏం చేస్తానో నాకూ నమ్మకం లేదు. నిరుడు గేటు దగ్గర నిలబడ్డది ఈ మనిషే కదా.

తిథి ప్రకారం పద్దెనిమిదిన సూర్యకళ సంవత్సరీకం. మీరు రావాలని రాయను. మీ కోసం పీట వేసి ఉంచుతాను.

పన్నెండేళ్లు దాటినవాళ్ల పరుగులో ఇప్పటికి ఏడుగురు ఉన్నారు. కాగితం మీద ఎనిమిదో గీత ఖాళీగా ఉంచాను.

విశ్వనాథం

*

నాచారం,
29-5-1989.

బావా,

ఈ రోజు తారీఖు మీకూ తెలుసు.

సంవత్సరీకానికి మీరు రాలేదు. పీట అలాగే ఉంది. తర్వాతి పది రోజులు నేను పార్కు పని తప్ప ఏమీ ఆలోచించలేదు. శనివారం పొద్దున నీడ కొలిచి, కొత్తగా సున్నం వేసి గీత గీశాను. ఆమె కొలతకు నా కొలతకు అరడుగు తేడా వచ్చింది. ఆమె కొలతే ఉంచాను.

నిన్న ఆరింటికల్లా పిల్లలు చేరారు. కుండల్లో మజ్జిగ పోయించాను. రామస్వామి గారిని ఈసారి ఏడింటికే రమ్మన్నాం. ఏడు దాటింది. నిమ్మకాయ చెంచా పందెం, గోనెసంచి పందెం అయ్యాయి. ఏడున్నరకు బుచ్చిరాములు పేపరులో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గేటు కాడ ఎవరో పెద్దమనిషి ఇచ్చిండు సార్. పోరికియ్యమన్నడు. లోపలికి రమ్మంటె రాలే" అన్నాడు. విప్పితే తెల్ల కాన్వాసు బూట్లు. తారామణి చూసింది. కూర్చుని లేసులు విప్పింది. నేను కాగితం తీసి ఎనిమిదో గీత మీద పేరు రాశాను. గేటు వైపు చూశాను. జనం అడ్డు వచ్చారు, మీరు కనబడలేదు.

ఉరికింది. మూడో స్థానంలో వచ్చింది. వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నవ్వుతూ దగ్గింది. ఆ నాలుగు క్షణాలు నేను దాని ముఖం తప్ప వేరే ఏమీ చూడలేదు. ఒళ్లంతా చెమట. చెమట చూసి సంతోషించిన మనిషిని నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఎనిమిదింపావు. కారు రాలేదు. మెడల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. నేను మైకు తీసుకున్నాను. పరంధామయ్య గారు నా మణికట్టు పట్టుకున్నారు. "పది నిమిషాలు ఆగు విశ్వనాథం. ఆయన ఇంట్లకెల్లి బయలెల్లిండట" అన్నారు. అదే మాట, బావా. అవే పది నిమిషాలు. ఆయన చెడ్డవాడు కాదు. నిరుడు నేనూ కాదు. బుచ్చిరాములు గీత దగ్గర నిలబడి ఉన్నాడు. నా వైపు రాలేదు. అక్కడి నుంచే, తల వంచుకునే అన్నాడు, "సార్, గీత కాడికొచ్చింది."

"ఇండ్లకు తోలు" అన్నాను. ఆ మాట మైకులో వినబడింది.

తల్లిదండ్రులు గొణిగారు. పిల్లలు మెడల్స్ ఏవని అడిగారు. అప్పుడు చెప్పాను. నిరుడు ఈ పది నిమిషాలు అడిగింది నేనే అన్నాను. సూర్యకళ గుండెజబ్బుతో పోలేదు, నేను ఆగమన్నందుకు ఎండలో నిలబడి పోయింది అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. పరంధామయ్య గారి చెయ్యి నా మణికట్టు మీంచి జారిపోయింది. తల్లులు లేచి పిల్లల తలల మీద కొంగులు కప్పి తీసుకెళ్లారు. తారామణి నా పక్కనే ఉంది. విన్నది. చిన్నవాళ్లను వరసలో పెట్టి గేటు దాటించి వచ్చి, మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది.

తొమ్మిదిన్నరకు రామస్వామి గారు వచ్చారట. ఖాళీ కుర్చీలు చూసి, మెడల్స్ పెట్టెతో సహా వెనక్కి వెళ్లారట. ఊయలలు ఇక రావు. పరంధామయ్య గారు నాతో మాట్లాడటం లేదు. ఈ పొద్దున ఒక పిల్లాడు ఇంటికొచ్చి, నాకు ఫస్టు వచ్చింది గద సార్, మెడల్ ఏదీ అన్నాడు. లేదని చెప్పాను. వాడు ఏడ్చాడు.

సాయంత్రం బుచ్చిరాములు మిగతాది చెప్పాడు. బూట్లిచ్చిన పెద్దమనిషి రోడ్డవతల సైకిల్ రిపేరు షాపు దగ్గర చివరిదాకా నిలబడ్డాడట. అందరూ పోయాక లోపలికి వచ్చి, "చెల్లె యాడ నిలబడ్డది?" అని అడిగాడట. చూపించాడట. అక్కడ ఎండలో కాసేపు నిలబడి, సున్నం ముట్టి చూసి, ఉప్పల్ బస్సుకు వెళ్లాడట. మా ఇంటికి దారి చెప్పబోతే, "ఇయ్యాల కాదు" అన్నాడట.

మంచిది. ఇయ్యాల కాదు. ఆ మాట నేను దాచుకున్నాను.

తారామణి బుధవారం దాకా ఉంటుంది. నాతో మామూలుగానే ఉంది, కాస్త తక్కువ మాట్లాడుతుంది. ఒక సంగతి మీకు రాయమంది. బూట్లు బిగుతైపోయాయట, వేలు ఒరుసుకుపోయింది, లేకపోతే మూడో స్థానంలో వచ్చేదాన్ని కాదంటోంది. కాలికి మందు రాశాను. కొత్తవి నేను కొనను. అవి మీరు కొనాల్సినవి. సికింద్రాబాద్‌లో కొంటే మంచివి దొరుకుతాయి. వచ్చినప్పుడు గేటు లోపలికి రండి. పీట ఇంకా తీయలేదు.

మీ
విశ్వనాథం