గోంగు చోట కూర్చున్న మనిషి

7 ఫిబ్రవరి 2023, మంగళవారం

మా జావా సంవత్సరాది అయిన సురో నెల మొదటి రాత్రికల్లా గోంగు తిరిగి తెచ్చి మండపంలో అదే కొక్కేనికి తగిలిస్తానని మా బృందంలోని వాగియో నాకు మాట ఇచ్చాడు. అది 1987. నా చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాడు. జకార్తాలో ఒక్క కచేరీ, మూడు వారాల్లో వచ్చేస్తానన్నాడు. ఊరి గామెలాన్ వాద్య బృందానికి కార్యదర్శిని నేనే కాబట్టి కాగితం మీద సంతకం పెట్టి, ఊరి గోంగును, ఆ పెద్ద కంచు జేగంటను, లారీ ఎక్కించాను. వాగియో తిరిగి రాలేదు. అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, మీట్‌బాల్ సూప్ బండి పెట్టుకున్నాడు, 2009లో పోయాడు. గోంగు ఏమైందో ఎవరికీ తెలియదు.

పాట తిరిగి తిరిగి గోంగు మీద పడే ఆ ఒక్క దెబ్బ దగ్గరికే వచ్చి ఆగాలి. ఆ దెబ్బ లేకపోతే పాట ఆగదు, అలిసిపోతుంది.

ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, వెనింగ్ వచ్చింది. ఊరి బడి టీచరు, ఇరవై ఏడేళ్ళ పిల్ల. సాయంత్రాలు మండపంలో పిల్లలకు చదువూ గామెలానూ నేర్పుతుంది. జకార్తాలో ఒక ఫౌండేషన్ కళలకూ చదువులకూ గ్రాంటు ఇస్తోందట. మాస్టారూ, మీరు ఇన్ని పుస్తకాలు చదివారు కదా, ఒక ప్రపోజల్ రాయలేరా అంది. పుస్తకాలు చదివినవాడు ప్రపోజల్ రాయగలడనుకోవడం, చేపలు తిన్నవాడు పడవ నడపగలడనుకోవడం లాంటిది అన్నాను. అయినా ఫారం వదిలేసి వెళ్ళింది.

9 ఫిబ్రవరి

ఇరవై రెండు పేజీలు. దీన్ని తయారుచేసినవాడు జన్మలో పిల్లల ముందు నిలబడి ఉండడు.

అవుట్‌పుట్, అవుట్‌కమ్, ఇంపాక్ట్. మూడిటికీ మూడు గళ్ళు. పిల్లలు వాయిస్తారు, అది అవుట్‌పుట్. బాగా వాయిస్తారు, అది అవుట్‌కమ్. ఇంపాక్ట్ నేను చచ్చాక తెలుస్తుంది. అలాగే రాశాను. వెనింగ్ నవ్వి, కొట్టేసింది. మీ కార్యక్రమంలో కొత్తదనం ఏమిటి అన్న గడిలో, పాతది ఇంకా బతికి ఉండటమే అని రాశాను. దాన్ని మాత్రం ఉంచింది.

11 ఫిబ్రవరి, శనివారం

మండపానికి వెళ్ళాను. ఏడాది తర్వాత. మోకాళ్ళు సహకరించవని అందరికీ చెబుతాను. నిజానికి గోంగు వేలాడాల్సిన ఆ ఖాళీ చట్రాన్ని చూడలేక.

ఇరవై మూడు మంది పిల్లలు. సగం మంది అమ్మానాన్నలు జకార్తాలో సూప్ బళ్ళ మీద బతుకుతున్నారు. వీళ్ళు అమ్మమ్మల దగ్గర కర్రపెండలం తిని పెరుగుతున్నారు. గంటసేపు చదివారు, తర్వాత వాయించారు. ఖాళీ చట్రం కింద, చాప మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని లాస్మి వదిన కూర్చుంది. వాగియో వదిలేసి పోయిన భార్య. డెబ్బై ఒకటి. పాట చివరికి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని నోటితో గోంగు కొడుతుంది. గూమ్‌మ్‌మ్. నేల కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. పిల్లలు అక్కడ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెడతారు.

గోంగు రాని ఆ సురో నెలలోనే మండపానికి వచ్చి చెప్పింది: ఇది మా ఆయన చేసిన ఖాళీ, గోంగు వచ్చేదాకా ఇక్కడ నేను కూర్చుంటాను అని. అప్పుడు ఆమెకు ముప్ఫై అయిదు. అప్పటి నుంచీ కూర్చునే ఉంది. గురువారం సాయంత్రాలు ఆ ఖాళీ చట్రం ముందు గోంగుకు పెట్టే పూజపూలు కూడా ఆమే మారుస్తుంది.

ఇవాళ మూడు పాటలయ్యాక, నాలుగోదాని మధ్యలో ఆమెకు దగ్గు వచ్చింది. చాలాసేపు తగ్గలేదు. చివరి దెబ్బ పడకుండానే ఆ పాట ఆగిపోయింది.

12 ఫిబ్రవరి

వెనింగ్ చెప్పింది. వొనొగిరి పట్నం ఆసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తులు బలహీనపడ్డాయన్నాడట. ఇంకో ఏడాది ఇలాగే నోటితో లాగితే ఆయనేమీ హామీ ఇవ్వలేడట. అలాగే బాబూ, మానేస్తాను అని వదిన ఒప్పుకుందట. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుందట.

ఆమెను ఆ చాప మీద నుంచి లేపగలిగేది ఒక్కటే. నిజమైన గోంగు. ఇనుప గోంగు చవకే, కానీ దానికి గొంతు ఉండదు. కంచు గోంగుకు ఈ ఊరు మూడేళ్ళు తిండి మానెయ్యాలి.

సరే. రాస్తాను.

20 ఫిబ్రవరి

పద్నాలుగో ప్రశ్న: ఈ అవసరం తీర్చుకోవడానికి మీరు గతంలో చేసిన ప్రయత్నాలు వివరించండి.

ఆ గడి ఖాళీగా వదిలాను.

2 మార్చి

పంపేశాం. పద్నాలుగో గడిలో, నిధులు లభించలేదు అని రాశాను.

అబద్ధం.

13 మే, శనివారం

ఇవాళ జరిగినది కోపంతోనే రాస్తున్నాను. 

చూసి వెళ్ళడానికి ఫౌండేషన్ ఆఫీసర్ వస్తున్నాడని తెలిసిన రోజే ఊరందరికీ చెప్పాను. ఏదీ మార్చకండి, పగిలిన పెంకులు పగిలినట్టే ఉంచండి అని. అలాగే మాస్టారూ అన్నారు. ఇవాళ వెళ్ళి చూస్తే మండపానికి సున్నం కొట్టారు. పెంకులు మార్చారు. పక్క ఊరి నుంచి కుర్చీలు తెచ్చారు. పిల్లలకు ఎరువు తెచ్చిన బట్టలు. మధ్యలో గోపురమంత పసుపన్నం, కొబ్బరిపాల కోడికూర, ఉడికించిన వేరుశనగలు, అరటాకులో చుట్టిన తీపి ముద్దలు. ఎవరి కోళ్ళను కోశారో నేను అడగలేదు.

ఆఫీసర్ పేరు తిగోర్. సుమత్రా నుంచి వచ్చిన బతక్ జాతి మనిషి. పెద్ద గొంతు, మంచి కళ్ళు. వాళ్ళ వైపు కావాలంటే కావాలనే అర్థం, వద్దంటే వద్దనే. మా జావాలో మూడుసార్లు వద్దన్నాకే అన్నం వడ్డిస్తారు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మీకు ఏమైనా ఇబ్బంది ఉందా అని అతను ఆడవాళ్ళను అడిగాడు. అబ్బే, మాకేం ఇబ్బంది బాబూ, మీరు ఇంత దూరం రావడమే మా అదృష్టం అన్నారు. పిల్లల చదువుకు ఏం తక్కువైందని అడిగాడు. ఏమీ తక్కువ లేదు, దేవుడి దయ, ముందు మీరు ఇంకో ముక్క వేసుకోండి అన్నారు. అతను నిజాయితీగా రాసుకున్నాడు. నేను మూల నుంచి దగ్గాను. వెనింగ్ నా వైపు చూడలేదు, ఆమె మెడ ఎర్రబడింది.

తర్వాత పిల్లలు వాయించారు. వదిన గోంగు కొట్టింది. అతను చెంచా కింద పెట్టేశాడు. పాట అయ్యాక వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చుని, అమ్మా, నీకు నిజమైన గోంగు కావాలా అని అడిగాడు.

లాస్మి వదిన తల వంచుకుని నవ్వింది. ఎందుకు బాబూ అంత శ్రమ, ఉన్నదాంతో సరిపోతోంది కదా అంది.

అతను అది కూడా రాసుకున్నాడు.

5 జూన్

ఉత్తరం వచ్చింది. సమాజానికి తక్షణ అవసరం ఉన్నట్టు మా పరిశీలనలో తేలలేదు. గోంగు కొనుగోలుకు నిధులు ఇవ్వలేము. అయితే మీ గ్రామపు నోటి గోంగు సంప్రదాయం అరుదైన వారసత్వం. దాన్ని రెండేళ్ళ పాటు రికార్డు చెయ్యడానికీ, పదిమంది బాలికలకు నేర్పడానికీ సంతోషంగా నిధులు ఇస్తాము. షరతు: ఈ రెండేళ్ళూ సంప్రదాయానికి భంగం కలగకుండా లోహపు గోంగు ఏర్పాటు చెయ్యరాదు.

దొంగతనానికి వారసత్వమని పేరు పెట్టారు.

6 జూన్

ఊరి పెద్దకు ఒకటే సంబరం. మనది వారసత్వమట మాస్టారూ, టీవీ వాళ్ళు కూడా వస్తారు, మీరు ఎప్పుడూ మొహం అలా పెడతారేంటి అన్నాడు. ఈ మొహానికి ముప్ఫై ఏళ్ళుగా ఇదే ఆకారం అన్నాను. వదినను అడిగితే, పెద్దవాళ్ళు ఇస్తామంటే కాదనకూడదు, రెండేళ్ళే కదా అందట. చెబుతూ చెబుతూ దగ్గిందట. వెనింగ్ మా వరండాలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే నా పుస్తకాల అరల మీద దుమ్ము తుడిచింది. ఊరుకోమన్నాను, ఏడుపు గురించి కాదు, అరల గురించి.

8 జూన్, గురువారం

పూలు మార్చే వేళకు మండపానికి వెళ్ళాను. వదిన ఒక్కతే ఉంది. పద్నాలుగో ప్రశ్న ఆమెకు చదివి వినిపించాను. తర్వాత జవాబు చెప్పాను.

1990లో జిల్లా సాంస్కృతిక శాఖ ఊళ్ళకు వాద్యాలు ఇచ్చింది. మన ఊరికి గోంగు ఖాయమైంది. దరఖాస్తు మీద కార్యదర్శి సంతకం ఒక్కటే తక్కువ. నేను పెట్టలేదు. ఆ ఖాళీ అలాగే ఉండాలి, వాగియో ఎలాంటివాడో ప్రతి పాట చివరా ఊరికి వినపడాలి అనుకున్నాను. ఆ ఖాళీలో నువ్వు కూర్చున్నావన్న ఆలోచన నాకు రాలేదు వదినా. లేదు, అదీ అబద్ధమే. వచ్చింది. కోపం దానికంటే పెద్దదిగా ఉంది.

ఆమె వాడిన మల్లెలు ఏరుతూనే ఉంది. తెలుసు మాస్టారూ అంది. పాత ఊరి పెద్ద భార్య అప్పుడే చెప్పిందట. మరి నన్ను ఎందుకు అడగలేదంటే, అడగడం మనకెక్కడ వచ్చు అంది.

ముప్ఫై మూడేళ్ళు. వారానికి రెండుసార్లు ఈ మనిషి నాకు వేడి టీ పంపింది.

అయితే ఇవాళ నేర్చుకో అన్నాను. బళ్ళో నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఒక్క మాట నేర్పలేనా. గోంగు కావాలి, అను. ఆమె, మీకు వీలుంటే అంది. కాదు, మళ్ళీ. శ్రమ లేకపోతే అంది. మళ్ళీ. ఎవరికీ ఇబ్బంది కాకుండా అంది. ఒకటో తరగతి పిల్లలు నయం వదినా అన్నాను. అంత కోపం దేనికి, మీకు రక్తపోటు ఉంది అని నన్నే ఊరడించింది. ఏడోసారికి వచ్చింది ఆ మాట. కావాలి. అని, తప్పు చేసినట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

వెనింగ్ ఫోన్ నుంచి తిగోర్‌కు చేశాం. వదిన ముందు అతను అన్నం తిన్నాడా అని అడిగింది. జకార్తాలో వాన పడుతోందా, అమ్మ ఎలా ఉంది, పెళ్ళయిందా అని అడిగింది. నేను నేల మీద కర్రతో కొట్టాను. అప్పుడు చెప్పింది. బాబూ, ఇది సంప్రదాయం కాదు, నేను అలిసిపోయాను. గోంగు కావాలి.

 అంతలోనే ఆమెకు భయమేసి, లేకపోయినా ఫర్... అంటుండగానే ఫోన్ లాక్కుని కట్ చేశాను.

3 జూలై

తిగోర్ దరఖాస్తు మళ్ళీ పంపమన్నాడు. కమిటీకి తానే చెబుతాడట. మీ ఊళ్ళో వద్దు అనే మాటకు నాకో నిఘంటువు కావాలి మాస్టారూ అని నవ్వాడట.

పద్నాలుగో గడి నింపాను. 1990లో గోంగు వచ్చి ఉండేది. ఒకడు సంతకం పెట్టలేదు. అతని పేరు కస్మాది. ఈ దరఖాస్తు రాస్తున్నది అతనే.

వెనింగ్ రెండుసార్లు చదివింది. కొట్టెయ్యలేదు.

21 ఆగస్టు

మంజూరైంది.

16 సెప్టెంబర్

కంచరి పల్లెకు వదిననూ తీసుకెళ్ళాం. కొలిమి పొగ పడదని వద్దన్నాను. వస్తానంది. ఈమధ్య అలాంటి మాటలు సులువుగానే అంటోంది.

పాత గోంగు శ్రుతి ఏమిటని కంచరి అడిగాడు. పెద్దాయన, చేతుల నిండా కాలిన మచ్చలు. మా ఊళ్ళో ఎవరి దగ్గరా రాసి లేదు. పాత బృందంలో మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు జ్ఞాపకం లేదు. నేను తల దించుకున్నాను.

వదిన చాప అడిగింది. కూర్చుంది. కళ్ళు మూసుకుని ఒక్కసారి వినిపించింది. కంచరి సుత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి, అమ్మా, ఇంకొక్కసారి అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఒక దెబ్బ, ఆమె వైపు ఒక చూపు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. మళ్ళీ సుత్తి. ఎండ వాలే వేళకు తల ఊపడం ఆపేసింది.

30 సెప్టెంబర్, శనివారం

కొక్కేనికి గోంగు వేలాడింది. లాస్మి వదిన పిల్లల వెనక కూర్చుంది. మొదటి దెబ్బకు ఆమె పెదవులు విడివడ్డాయి. గొంతు మాత్రం కంచులోంచి వచ్చింది.

గోంగు సంగతిలో తప్పు నాది, రాసిచ్చాను. కానీ వదిన గొంతును ఇంట్లో పెట్టుకుని జకార్తా లారీ ఎక్కినవాణ్ణి క్షమించడం నా వల్ల కాదు. అతని పేరు వాగియో.