పెద్ద పాస్టరుగారు ఆ రోజు వచ్చారు

నా ఇంటి యజమానురాలికి,

ప్రభువు దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. అమ్మ కూడా కులాసా, నన్ను తిట్టడానికి గొంతు బాగానే లేస్తోంది. నువ్వూ అక్కడ ఆరోగ్యంగా, కొత్త ప్రెస్సులో ఎవరితోనూ తగువు పడకుండా ఉన్నావని నమ్ముతున్నాను. రెండోది నమ్మడం కాస్త కష్టమేలే.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాలికి నువ్వు పంపిన నూనె రాస్తున్నాను. తగ్గిందా అంటే, "నీ పెళ్ళాం రాస్తే తగ్గేది, నీ చేతికి ఆ గుణం లేదు" అంటుంది. వంటింటి కప్పు కారడం ఆగింది. నేను బాగుచేయలేదు, వానలు ఆగాయి. వేళకు తింటున్నావా అన్నావు. నేను వండినదాన్ని నేనే తినగలుగుతున్నానంటే ఇంకేం కావాలి?

యూనివర్సిటీలో పాలకమండలి గది కుర్చీలకు కొత్త గుడ్డ వేశారు. కానీ ఆ గది బంట్రోతయిన నీ మొగుడు ఎనిమిది నెలలుగా అక్కడ ఒక్క కోతివేషమూ వేయలేదు. సమావేశంలో ఎప్పుడూ కునికే డాక్టరుగారు మొన్న వరండాలో నన్ను ఆపి, "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా? నా కోటు జేబులో కప్ప దూకి చాలా రోజులైంది" అని పరామర్శించారు. నవ్వి తప్పుకున్నాను. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెబుతాను.

పెద్ద పాస్టరుగారి భూస్థాపనకు వెళ్ళావా అని అడిగావు. వెళ్ళాను. పెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. జనం పలచగా ఉన్నారు. యూనివర్సిటీ ప్రెస్సులో మూసేసిన మీ బైండింగు విభాగం ఆడవాళ్ళు పదకొండుమందిలో ఒక్కరూ రాలేదు. నువ్వయితే రాశావు కూడా: "నాకు ఏడుపు రాలేదు. మా విభాగం మూయనివ్వను, నా చెయ్యి మీ వైపే లేస్తుంది అని మాటిచ్చి, తీరా మండలి సమావేశం రోజు బిషప్‌గారికి జడిసి ఇంట్లో కూచున్న మనిషి. పోయేముందైనా ఎందుకు రాలేదో చెప్పాడా?"

ఆయన చెప్పలేదు. నేను చెబుతాను. కూర్చుని చదువు.

ఆయన ఆ రోజు వచ్చారు.

ఆయనతో నాకు ఎప్పుడూ పరాచికాలేనని నీకు తెలుసు. ఆలస్యంగా రావడం ఆయన అలవాటు, ఆయన్ని ఏడిపించడం నా అలవాటు. ఆ రోజు మిగతావాళ్ళంతా లోపల కూర్చున్నాక, మెట్ల దగ్గర సమావేశం ఈసారి కిందో పైనో చూపించే బాణం బోర్డును పై అంతస్తు వైపు తిప్పాను. ఆయన చేతికర్రతో రెండంతస్తులూ ఎక్కి, పాత లైబ్రరీలో బూజు చూసి, దిగొచ్చి, "ఓరి దొంగా" అని నా వీపు మీద ఒకటి వేస్తారు. ఇద్దరం నవ్వుకుంటాం. అంతకుముందు రెండుసార్లు అలాగే జరిగింది. మీ విభాగం సంగతి నాలుగో అంశం, కాఫీల తర్వాతగానీ రాదు. అదీ నా ధీమా.

ప్రార్థన మొదలవగానే లోపల గడియ పెట్టి, ఒక అంశం తేలేదాకా ఎవరికీ తీయకపోవడం మన మండలి పద్ధతి. గడియ దగ్గర నిలబడే పని నాది. ఆమెన్ అనగానే బిషప్‌గారు, "నాకు రైలుంది, బైండింగు విషయం ముందు తేల్చేద్దాం" అన్నారు. అప్పుడే తలుపు మీద చేతికర్ర చప్పుడు. మూడుసార్లు. "ఒరే, నేనురా, తియ్యి" అన్న మాట కూడా వినబడింది, ఆయాసపడుతూ.

పద్ధతి అడ్డొచ్చిందని నీతో బొంకొచ్చు. కానీ "పెద్ద పాస్టరుగారు బయట ఉన్నారండీ" అని ఒక్క మాటంటే బిషప్‌గారు తీయమనేవారే. తీస్తే, ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. బోర్డు సంగతి బయటపడుతుంది. నా ఉద్యోగం పోతుంది. నాలుగో తరగతి తప్పిన నా బుర్రలో ఇంత లెక్క రెప్పపాటులో తిరిగింది. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

చేతులెత్తారు. మూసేయాలని ఆరు, వద్దని అయిదు. ఆయన చెయ్యి కూడా ఉంటే సమానమయ్యేది. సమానమైతే అంశం ఏడాది వాయిదా. గడియ తీసేసరికి వరండాలో ఎవరూ లేరు. కార్యదర్శి ఆయన పేరు ఎదుట "గైర్హాజరు" అని రాసుకున్నాడు.

మర్నాడు చర్చి మెట్ల మీద ఆయన కాళ్ళ మీద పడబోయాను.

"లేవరా. బయటికి చెప్పావంటే నీ పనీ పోతుంది. మీ ఇంట్లో ఒకళ్ళ పని పోయింది చాలు. నోరు మూసుకో."

"తిట్టండి అయ్యగారూ."

"తిట్టే ఓపిక ఎక్కడిదిరా, రెండంతస్తులు ఎక్కించావు" అని నవ్వారు.

బతుకుజీవుడా అని నోరు మూసుకున్నాను. నువ్వు కొత్త పనికి బయల్దేరిన రోజు ఆయన బస్సు దగ్గరికి వచ్చారు, గుర్తుందా? ఆయన చేతులు జోడిస్తే నువ్వు అద్దం మూసేశావు. నేను నీ సంచీ పైకెక్కిస్తూ చూశాను. చూసి సంచీ సర్దాను.

నిన్న ఎనిమిది నెలల తర్వాత మండలి కూడింది. ఆయన జ్ఞాపకార్థం ఒక నిమిషం నిలబడ్డారు. పోయిన సమావేశపు నివేదిక చదివి, "సవరణలేమైనా ఉన్నాయా?" అని బిషప్‌గారు అడిగారు. దానికి ఎవరూ మాట్లాడరు. కాఫీ ట్రే పట్టుకున్నవాడు అసలే మాట్లాడడు. నేను ట్రే కింద పెట్టాను.

"ఒకటుందండీ."

"నువ్వా? నీకేం పనయ్యా ఇందులో?"

"పెద్ద పాస్టరుగారు గైర్హాజరు కాదండీ. వచ్చారు. తలుపు కొట్టారు. నేనే తీయలేదు."

బోర్డు దగ్గర్నుంచి అంతా చెప్పాను. కునికే డాక్టరుగారు కూడా కళ్ళు విప్పి విన్నారు. "ఇది రాయాలాండీ?" అన్నాడు కార్యదర్శి. బిషప్‌గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుని, "రాయి" అన్నారు. ఆయన వచ్చారని, ద్వారం దగ్గరి ఉద్యోగి తలుపు తీయలేదని కార్యదర్శి రాసి, పైకి చదివాడు.

"మరి తీర్మానం?" అన్నాను.

"తీర్మానం మారదు. యంత్రాలు అమ్మేశాం కదా. నీ సంగతి తర్వాత చెబుతాం, తాళాలు కార్యదర్శికి ఇచ్చి వెళ్ళు."

ఇచ్చి వచ్చాను. అమ్మకు చెప్పాను. ఆవిడ తిట్టకుండా అన్నం పెట్టింది. మీ తక్కిన పదిమందికీ రేపటినుంచి ఇల్లిల్లూ తిరిగి నేనే చెబుతాను. ముందు నీకు తెలియాలి.

క్షమించమని అడగను, ఆ మాట అడగవలసిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చాను. నువ్వు మాత్రం తిట్టు. కాగితం చాలకపోతే వచ్చి తిట్టు, వీధిలో నిలబెట్టి తిట్టు. ఆయన ఒక్క మాట అనకుండా పోయారే, అది మోయలేకుండా ఉన్నాను. నువ్వు కూడా ఊరుకోవద్దు.

ఇట్లు,
నువ్వు ఇంకా అవునంటే,
నీ మొగుడు