పైకా, కిందికా

అత్తయ్యగారికి మీ పెద్దకోడలు నమస్కరించి రాసేది. ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని మొదలుపెట్టబోయి ఆగాను. మేమంతా అనడానికి నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి, నేను క్షేమం. మీరూ, మరిదీ, తోటికోడలూ బాగున్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆ నూనె రాయడం మాని డాక్టరిచ్చిన మాత్రలు వేసుకోండి. నేను చెబితే వినరని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ ఉత్తరం మాత్రం మరిది చేత చదివించుకోకండి. కళ్లజోడు పెట్టుకుని మీరే చదవండి.

మీ ఉత్తరం అందింది. తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. ఈ మధ్య ఆకలి కూడా సిగ్గు లేకుండా వేళకి వచ్చేస్తోంది. వాడి సామాను కోసం మళ్లీ ఆ కొండల దాకా ఎందుకు, పార్సిల్లో పంపమంటే పోదా అని కోప్పడ్డారు. సామాను కోసం రాలేదత్తయ్యా. అది మీకూ మరిదికీ చెప్పిన అబద్ధం. ఎందుకొచ్చానో ఇందులోనే రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మీ అబ్బాయీ నేనూ పోయినసారి దిగిన లాడ్జిలోనే ఉన్నాను. గది వేరు. కిటికీ కింద కంచరగాడిదల దొడ్డి ఉంది. పొద్దున్నే వాటి మీద బస్తాలూ సిలిండర్లూ కట్టి కొండమీదికి తోలుకుపోతారు. తోలేవాళ్లు నోట్లో వేళ్లు పెట్టుకుని ఈలలు వేస్తూనే ఉంటారు. నేను కిటికీ మూసేస్తాను. వాసనొస్తోందా అమ్మా, గది మార్చమంటారా అని మేనేజరు అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఈ వయసులో వాడికి కొండలెక్కే పిచ్చి ఎలా పట్టిందని అడిగారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా. “జీవితమంతా జనాన్ని పైకీ కిందికీ పంపాను. నేను మాత్రం లిఫ్టు కింద గోతిలో గ్రీజు పూసుకుని నిలబడ్డాను. ఒక్కసారి నా కాళ్లతో ఎక్కి చూస్తాను” అన్నారు. కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుంటారు జాగ్రత్త అని నేను వేళాకోళమాడాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా నోరంటే నాకే రోత పుడుతోంది.

నన్ను తలుచుకున్నాడా అని అడిగారు. తలుచుకున్నారు. రెండోరోజు నిటారు ఎక్కుడు దగ్గర రొప్పుతూ కూర్చుని, “మా అమ్మ గనక ఉంటే ఈ కొండని నాలుగు తిట్టి, మనిద్దర్నీ ఎనిమిది తిట్టి ఈపాటికి దిగిపోయేది” అన్నారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అబద్ధం కాదు, నిజంగానే అలా అన్నారు.

ఇక గైడు సంగతి. వాణ్ణి తలుచుకుంటే మీ ఒళ్లు మండిపోతోందని రాశారు. అతను ఎలాంటివాడో మీకు తెలియాలి. మహానుభావుడేం కాదు. మా పంచదార డబ్బాలో సగం చెప్పకుండా తన టీలోకే ఒంపుకున్నాడు. ఇంకా ఎంత దూరమయ్యా అని ఎప్పుడడిగినా “ఇదిగో, ఇక్కడేనమ్మా, వచ్చేశాం” అనేవాడు. ఆ ‘ఇదిగో’ దాటాక ఇంకో రెండు కొండలుండేవి. మీ అబ్బాయి అతనికి ‘ఇదిగో’ అనే పేరు పెట్టేశారు. అతనూ పలికేవాడు. అయితే నడిచేటప్పుడు నా వెనక అడుగులోనే అడుగేసేవాడు. జారుడు రాళ్ల మీద ఒక్కసారి కూడా నా చెయ్యి వదల్లేదు.

మూడోరోజుకి ఒక రాతిగది చేరాం. రేకుల కప్పు, లోపల రెండు బల్లలు, అంతే. మర్నాడు ఆ పైనున్న కనుమ దాటాలి. నాకు అక్కడే తల పగిలే నొప్పి, వాంతులు పట్టుకున్నాయి. ఎత్తు పడలేదమ్మా, పైకెళ్లే పనిలేదు, దించెయ్యాలి అన్నాడు గైడు. నడవలేకపోయాను కాబట్టి, తెల్లారగానే దిగువ మకాం నుంచి గాడిదని తీసుకొస్తానన్నాడు. మీ అబ్బాయి మొహం చిన్నబోయింది. అంతదూరం వచ్చి కనుమ చూడకుండా తిరిగిపోవడం కదా. అయినా నన్నొక్క మాట అనలేదు. “పొద్దున నేనూ కాస్త కిందికొచ్చి నీకు ఎదురొస్తాలే” అని గైడుతో అన్నారు.

తెల్లవారాక గైడు వెళ్లాడు. ఇంకాసేపటికి మీ అబ్బాయి గుమ్మంలో నిలబడ్డారు. చివరగా వాడేమన్నాడని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారు. నేను ప్రతిసారీ ఏదో ఒకటి రాసి దాటేస్తున్నాను. “వెళ్లొస్తా” అన్నారు. అంతే.

ఆ మాట నేర్పింది మీరే. చిన్నప్పుడు బడికి బయల్దేరుతూ పోతున్నానమ్మా అంటే వీపు మీద ఒక్కటిచ్చి, పోవడమేంట్రా, వెళ్లొస్తా అను అన్నారట. అప్పట్నుంచి డ్యూటీకెళ్లినా, వీధి చివర బ్లేడు కొనుక్కోవడానికెళ్లినా అదే మాట. వెళ్లిపోయేవాడూ అదే అంటాడు, ఇలా వెళ్లి అలా తిరిగొచ్చేవాడూ అదే అంటాడు. ఎటు వెళ్తున్నాడో ఆ మాటలో ఎక్కడుంది? బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని నాకు నేర్పింది కూడా మీరే. నేను కళ్లయినా తెరవకుండా “ఊఁ” అన్నాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మధ్యాహ్నానికి గైడు గాడిదతో వచ్చాడు.

“సారేరమ్మా?”

“నీకు ఎదురు రాలేదా? కిందికే వెళ్లారుగా.”

“నాకు కనపడలేదే. ఏమని వెళ్లారు?”

“వెళ్లొస్తానన్నారు. నిన్ననే చెప్పారుగా నీకు.”

“అయితే వాగు దగ్గర రెండో దారి పట్టుంటారు. ఇదిగో, ఇప్పుడే తీసుకొచ్చేస్తా. మీరు కదలకండి” అని గాడిదని గుంజకి కట్టేసి దిగువకి పరుగెత్తాడు.

మీ అబ్బాయి కిందికి వెళ్లలేదు అత్తయ్యా. కనుమ ఒక్కసారి చూసి వచ్చేద్దామని పైకి వెళ్లారు. తడిరాయి మీద జారి, కాలు విరిగి, గదికి అరగంట దూరంలో ఒక బండ వెనక పడి ఉన్నారు. గైడూ, దిగువ మకాం మనుషులూ వాగు వెంట ప్రతి పొదా వెతికారు. మూడోనాడు కనుమ దాటి వస్తున్న గాడిదలవాడు చూసి చెప్పాడు. పడిన రోజంతా, ఆ రాత్రంతా ప్రాణంతోనే ఉన్నారనీ, మర్నాడు తెల్లారాక చలికి పోయారనీ డాక్టరు చెప్పాడు. ఈ సంగతి మరిది మీకు చెప్పలేదు. వెంటనే పోయాడు, బాధపడలేదు అని చెప్పాడు. మీరు గట్టివాళ్లు. మీకు తెలియాలి.

విచారణ రోజు ఆఫీసరు గదిలో ఏం జరిగిందో మరిది తన పద్ధతిలో మీకు చెప్పే ఉంటాడు. గైడు చేతులు కట్టుకుని నిలబడి, “అమ్మగారే కిందికెళ్లారన్నారు సార్. విజిల్ కూడా ఒకటే ఉంటే, దారి తప్పితే ఊదమని సార్ మెళ్లో నేనే వేశాను సార్” అన్నాడు. విజిల్ శవం దగ్గర దొరకలేదు. “అబద్ధాలకోరా! మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదాని మీదికి తోస్తావా?” అని మరిది అందరి ముందూ అతని చెంప పగలగొట్టాడు. అతను చెంప తడుముకోను కూడా లేదు. నా వైపు తిరిగి, “అమ్మగారూ, మీరే చెప్పండి” అన్నాడు.

నేను మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాను. నిజంగానే ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూడా మాట్లాడొచ్చు కదా. ఆఫీసరు మంచినీళ్లిప్పించి నన్ను బయట కూర్చోబెట్టమన్నాడు. నా ఏడుపే సాక్ష్యమైపోయింది. విజిలైనా ఇవ్వలేదు, వెతకాల్సిన చోట వెతకలేదు అని రాసుకుని, అతన్ని లోపల పడేశారు. ఇంకా అక్కడే ఉన్నాడు. రేపు మళ్లీ విచారణ. “వదినా, సామాను కోసం ఎలాగూ వెళ్లావుగా, నువ్వొక్క మాట చెప్పు చాలు, వాడు జన్మలో కొండెక్కడు” అని మరిది ఫోన్లో చెప్పాడు.

ఇక ఇంతసేపూ రాయకుండా దాచుకున్నది రాస్తాను.

విజిల్ ఇచ్చాడు అత్తయ్యా. నాకు వినపడింది.

గైడు దిగువకి పరుగెత్తిన మధ్యాహ్నం, పొగమంచు కమ్ముకున్నాక, పైనుంచి వినపడింది. గాడిదలవాళ్లది కాదు. వాళ్లు నోటితో వేసే ఈల వంకరలు పోతుంది. ఇది ప్లాస్టిక్ విజిల్. పొడుగ్గా ఒకటి, కాసేపాగి మళ్లీ ఒకటి. ఒక్క క్షణం, ఆయనే అనిపించింది. వెంటనే, కిందికెళ్లిన మనిషి పైనుంచి ఎలా ఊదుతారు, ఒంట్లో బాగాలేక అలా అనిపిస్తోంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాను. లేచి గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్లి ఒక్క కేక వేసి ఉంటే ఆయనకి వినపడేది. చీకటిపడేవేళకి ఆగిపోయింది.

మర్నాడు పొద్దున గైడు ఉత్తచేతులతో తిరిగొచ్చినప్పుడైనా చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే, మరి కిందికెళ్లారని ఎలా చెప్పారమ్మా అని అడుగుతాడు. దిగువనే ఎక్కడో దొరుకుతారులే అనుకుని మింగేశాను. అప్పటికి ఆయన ఉన్నారో లేరో నాకు తెలియదు. డాక్టరుని ఎన్ని గంటలకని అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

రేపు ఆఫీసరు దగ్గర ఇదంతా చెప్పేస్తాను. మీ అనుమతి అడగడం లేదు. ఉత్తరం మీకు చేరేసరికి చెప్పేసి ఉంటాను. మరిది నా మొహం చూడడు. తెలిసినవాళ్లంతా నోట్లో గడ్డి పెడతారు. పెట్టనివ్వండి.

ఆ మనిషి లోపలుంటే మీ కడుపుకోత కాస్త చల్లారుతుందని రాశారు. ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకోకపోతే మీరు బతకలేరని నాకు తెలుసు, నేనూ అంతే. కానీ అతని మీద వద్దు. అతను ఆ రోజంతా మీ అబ్బాయిని పేరు పెట్టి పిలుస్తూ వాగు పొడుగునా గొంతు పోయేదాకా తిరిగాడు, నేను పంపిన వైపే. ఆ కోపం నా మీద పెట్టుకోండి. మీ అబ్బాయి పిలిస్తే విన్న మనిషిని నేనొక్కదాన్నే.

ఇట్లు,
మీరు కాదనేదాకా
మీ పెద్దకోడలు