తెర మీద మస్తాన్‌రావు

12 నవంబర్ 2001, సోమవారం

బ్రాడీపేటలోని మా కంప్యూటర్ సెంటర్ పిల్లలకు తొలినాటి కంప్యూటర్లు ఎలా ఉండేవో చూపిద్దామని, ఇవాళ చిలకలూరిపేట జిన్నింగు మిల్లు నుంచి పాతదొకటి తెప్పించాను. తెర, కీబోర్డు, పెట్టె అన్నీ ఒకటిగా కలిసే ఉన్నాయి. దూది దుమ్ము దులిపి, తెర మీది కుంకుమ బొట్టు తుడిచాను. ఇంకా ప్లగ్గు పెట్టనే లేదు, కిటికీ వెలుగులో అద్దం లోపల గోధుమరంగు ఇంగ్లిషు అక్షరాలు కనిపించాయి. మస్తాన్‌రావు అని పేరు. తడిగుడ్డతో ఎంత రుద్దినా పోలేదు.

మిల్లు మేనేజరు గారికి ఫోన్ చేశాను.

"మా ఆపరేటరండీ. ఆయన పోయాక, పాస్‌వర్డ్ తెలీక దాన్ని వాడటం ఎవరికీ చేతకాలేదు. ఆపితే మళ్ళీ లేవదేమోనని ఆపలేదండీ. పొద్దున్నే బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేవాళ్ళం. కరెంటు పోయొచ్చినా ఆయన పేరే వచ్చేది."

ఆ కాలపు తెరలు అంతే. ఒకే అక్షరాలు ఏళ్ళ తరబడి కనిపిస్తుంటే లోపలి పూత కాలి అచ్చు పడిపోతుంది. స్క్రీన్‌సేవర్లు పుట్టింది అందుకేనని క్లాసులో చెప్పేది నేనే. అయినా ఆ పేరు వైపు వీపు పెట్టి పాఠం చెప్పలేకపోయాను. దుప్పటి కప్పేశాను.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. పొద్దున నా బల్ల మీది కంప్యూటర్లో నా పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టబోతుంటే ఆటోవాడు ఈ పెట్టె దించాడు. నా బల్ల మీదిదీ పాత తెరే. దాన్ని ఆపిన గుర్తు లేదు.

తాళం వేసొచ్చాను. ఎవరూ లేని గదిలో ఇప్పుడు నా పేరు వెలుగుతూ ఉంటుంది.