మేస్త్రి ముగ్గు, నా ముగ్గు

ఏమండీ, నేను ఖమ్మంల అక్కోళ్ల ఇంటికి పోతున్న. అన్నం వండి పెట్టిన, పప్పు వేడి చేసుకోండి. మేస్త్రి ఇన్నయ్య వస్తే మన కొత్తింటి పునాదికి ముగ్గు పోయనియ్యకండి.

నాకంతా అయోమయంగ ఉంది. అక్కోళ్లకేమో మున్సిపాలిటీవాళ్లు జాగంతా కడితే ప్లాను పాస్ కాదన్నరట, చుట్టూ ఖాళీ వదలమన్నరట. మన జూలూరుపాడుల ఇన్నయ్యేమో, "ఇక్కడ ఆ లెక్క లేదమ్మా, హద్దుల దాక కట్టుకోండి" అంటుండు. ఇల్లు ఎక్కడైనా ఇల్లే కదా, ఊరు మారితే లెక్కెట్ల మారుతది? అక్కనే అడిగొస్త.

ప్రమీల

మర్చిపోయిన. ఆయన ముగ్గు రోడ్డు దాక పోస్తే, పొద్దున లేచి నేను ముగ్గెక్కడ వెయ్యాలె? సర్కారు చెప్తేనే జాగ వదుల్తరా, నేను చెప్తే వదలరా?