నన్ను తిట్టినవాడికే నా పడవ

లండన్ నగరం, క్వీన్‌హైత్ రేవులో పడవ నడిపే సైలస్ పెన్నాక్ అనే నేను, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదు గనక, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. కిందటి నెల సెయింట్ జైల్స్‌లో బీరు బట్టీ పీపాలు పగిలి, పాపం, జనం బీరు వరదలో పోయారు. నేను నా మంచం మీద, భార్య చేతి గంజి తాగి పోతున్నాను. దేవుడి దయ.

1. ఇంట్లోని సామాను యావత్తూ నా భార్య డోర్కస్‌కు సర్వహక్కులతో చెందాలి. మందు వద్దని మొరాయిస్తే చెవి మెలేసి మింగించింది. నీలాంటిది దొరకడం నా అదృష్టమే, డోర్కస్.

2. మేనల్లుడు ఆంబ్రోస్‌కు నా ఆదివారపు కోటు. మోచేతులు చిరిగాయి, కుట్టించుకోవాలి. వచ్చినప్పుడల్లా "మామయ్యా, పడవ నాకేగా?" అన్నాడు గాని, "ఒంట్లో ఎలా ఉంది?" అనలేదు. వాడు దాన్ని కొత్త వంతెనకు రాళ్ళు మోయడానికి అమ్ముతాడు. జనం నడిచి నది దాటేసే ఆ వంతెనలే మా కూట్లో మన్ను పోస్తున్నాయి.

3. నా పడవ, తెడ్లతో సహా, తోటి పడవవాడు జోనస్ ట్రాట్‌కు దఖలు పరుస్తున్నాను. నదిమీద ఎదురైతే తిట్టుకోవడం మా పడవవాళ్ళ పలకరింపు. ఆఖరి మాట ఎవరిదైతే వాడిదే గెలుపు. పాతికేళ్ళుగా గెలుపు జోనస్‌దే. ఈ ఫిబ్రవరిలో థేమ్స్ గడ్డకట్టి, మంచుమీద సంత వెలిసింది. పడవలు కదలక, ఒడ్డునుంచి చెక్క పలకలు వేసి జనాన్ని మంచుమీదికి దింపి చిల్లర ఏరుకున్నాం. మంచు కరిగే రోజున నా కాలికింద అది విరిగింది. జోనస్ తన పడవ తాడు వదిలేసి నా జుట్టు పట్టుకున్నాడు. "చావకురా వెధవా! నిన్ను తిట్టాల్సింది ఇంకా బోలెడుంది!" అని అరుస్తూ లాగాడు. వాడి పడవ మంచుగడ్డల మధ్య నుజ్జయిపోయింది. ఇప్పుడు రేవులో బొగ్గు బస్తాలు మోస్తున్నాడు.

4. "ఆ కప్పమొహంగాడి ముష్టి నాకెందుకు?" అంటాడు జోనస్, తెలుసు. ఇది ముష్టి కాదు, బేరం. ప్రతి ఆదివారం డోర్కస్‌ను అవతలి ఒడ్డున చెల్లెలింటికి దింపి తీసుకురావాలి. కాదంటే పడవ ఆంబ్రోస్‌దవుతుంది, వంతెనకు రాళ్ళు మోస్తుంది. తర్వాత జోనస్ ఇష్టం.

5. ఈ వీలునామా కార్యనిర్వాహకుడు ఎనోక్ బ్లై ఈ కింది మాటలు రేవు మెట్లమీద, పడవవాళ్ళందరూ వినేలా చదవాలి: జోనస్, వేసవిలో యుద్ధం ముగిసిన సంధి సంబరాల బాణసంచా డోర్కస్ పక్కన కూర్చుని చూశానంటే నీ పుణ్యమే. నువ్వు మంచివాడివి. చేతనైతే దీనికి జవాబు చెప్పు.

1814 నవంబరు 3
(సంతకం) సైలస్ పెన్నాక్

సాక్షులు: రూత్ గ్యామన్, సారాయంగడి యజమానురాలు
హెన్రీ స్పర్లింగ్, తెడ్లు చెక్కేవాడు